ఎముకలు మోసినోడు అంటరానోడు, ఎముక పొడి అమ్మేటోడు దొర!



ఒక చిన్న గాజు సీసా. అందులో చెంచా అడుగున పట్టేంత తెల్లటి రవ్వ. సీసా మీద అట్టపెట్టె, పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలు. పన్ను పీకిన చోట దవడ ఎముక కరిగిపోతే ఈ రవ్వ నింపుతారు. యాక్సిడెంటులో కాలి ఎముక ముక్కలై గుంట పడితే ఇదే నింపుతారు. వెన్నుపూసలు అతకాలన్నా ఇదే పెడతారు. దీన్ని 'బోన్ గ్రాఫ్ట్' అంటారు. గ్రాముల్లో కొలుస్తారు, వేలల్లో అమ్ముతారు.

పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో మేం చూస్తున్నదే రాస్తున్నాం. పేదోడు ఆపరేషను బల్ల ఎక్కినాక, బయట నేల మీద కూర్చున్న ఇంటిదాని చేతిలో ఒక చీటీ పెడతారు. 'ఇది తెచ్చుకో, తొందరగా' అంటారు. అదేందో చెప్పరు. ఎందుకో చెప్పరు. ఇంకో దారి ఉందా అని అడిగితే కసురుకుంటారు. ఆ తల్లి మెడలో పుస్తె తీస్తుంది. ఊళ్లో ఆసామి దగ్గర మూడు రూపాయల వడ్డీకి చెయ్యి చాపుతుంది.

'డాక్టర్ల సంగతి మనకెందుకు' అనకండి. ఈ దేశంలో ఎముకల సంగతి మనకంటే ఎక్కువ తెలిసినోడు ఎవడు? తరతరాలుగా ఊరి గొడ్డు చస్తే మన వాడకే కబురొచ్చింది. ఈడ్చింది మనం. తోలు ఒలిచింది మనం. ఎముకలు ఏరి, ఎండబెట్టి, బస్తాల కెత్తి ఎముకల మిల్లుకు తోలింది మనం. అందుకు మనకు దక్కిన బిరుదు 'అంటరానోళ్లు'. అదే ఎముకలోని పదార్థం సీసాలోకి ఎక్కంగానే దాని పేరు 'బయోమెటీరియల్', దాన్ని అమ్మేటోడు దొర. ఈ లెక్క తేల్చాలి.

సీసాలో ఏముంది?

మన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం. మిగిలింది కొల్లాజెన్ అనే నారలాంటి మాంసకృత్తు, కొంత నీరు. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైటు. పేరు చూసి జడుసుకోకండి. అది కాల్షియం ఫాస్ఫేటు. కాల్షియం అంటే మన గోడలకు కొట్టే సున్నంలో ఉండేది. ఫాస్ఫేటు అంటే మన పొలంలో చల్లే డి.ఏ.పి.లో ఉండేది. శుద్ధి చేసిన కాల్షియం లవణాన్ని, శుద్ధి చేసిన ఫాస్ఫేటు లవణాన్ని నీళ్లలో ఒక పద్ధతి ప్రకారం కలిపితే తెల్లగా విరుగుతుంది. దాన్ని వడగట్టి, ఎండబెట్టి, వెయ్యి డిగ్రీలకు పైన కొలిమిలో కాలిస్తే గట్టిపడుతుంది. కృత్రిమ ఎముక పదార్థాల్లో ముఖ్యమైంది ఇదే.

దీనికి తోబుట్టువు ఒకటుంది, ట్రైకాల్షియం ఫాస్ఫేటు. ఇది నెలల్లో కొద్దికొద్దిగా కరిగిపోతుంది, ఆ జాగాలో మన సొంత ఎముక పెరుగుతుంది. గట్టిగా కాల్చిన హైడ్రాక్సీఅపటైటు ఏళ్ల తరబడి కరగదు. అందుకని రెండూ కలిపి కూడా వాడతారు. ఇంకొకటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే కాల్షియం సల్ఫేటు. 1892లోనే జర్మనీలో డ్రెస్‌మన్ అనే డాక్టరు ఎముక గుంటల్లో దీన్ని నింపాడు. ఇది వారాల్లోనే కరిగిపోతుంది.

మరొకటి బయోగ్లాసు. 1967లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన ఒక సైనికాధికారి లారీ హెంచ్ అనే శాస్త్రవేత్తను అడిగాడట: 'మనిషిని చంపే సామాను చేస్తారు గదా, విరిగిన మనిషిని బాగుచేసే సామాను చెయ్యలేరా?' అని. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హెంచ్ ఒక గాజు చేశాడు. ఇసుకలో ఉండే సిలికా, సోడా, సున్నం, కొంచెం ఫాస్ఫేటు. అది ఎలుకల ఎముకకు ఎంత గట్టిగా అతుక్కుందంటే పీకినా ఊడిరాలేదు.

ఇక ఇది చేసే పనేంది? చిక్కుడు పాదుకు పందిరి వేస్తాం గదా, అదే పని. పందిరికి కాయ కాయదు. పాదు దానిమీద పాకి కాస్తుంది. ఈ పొడిలో సన్నటి రంధ్రాలుంటాయి, మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా. రక్తనాళాలు, ఎముక కణాలు ఆ సందుల్లోకి పాకుతాయి. కనుక పాదు బతికుంటేనే పందిరి పనికొస్తుంది. గాయంలో చీము ఉంటే పనికిరాదు. బీడీ, చుట్ట మానకపోతే, షుగరు అదుపులో లేకపోతే అతుకు ఆలస్యమవుతుంది. ఈ పొడి బరువు మొయ్యలేదు, పెళుసు. కాలి ఎముకలో పెడితే పక్కన ప్లేటో రాడ్డో ఉండాల్సిందే. ఈ నాలుగు ముక్కలు చీటీ రాసిచ్చేటప్పుడు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు మన మొహం చాలదా?

ఉన్న దారులు నాలుగు, చెప్పేది ఒక్కటి

ఎముక గుంట పూడ్చడానికి నాలుగు దారులున్నాయి. మొదటిది, మన ఒంట్లోదే. తుంటి ఎముక అంచు నుంచి కొంత తీసి పెడతారు. దాంట్లో పందిరి ఉంది, పాదూ ఉంది, ఎరువూ ఉంది. అందుకే డాక్టర్లు ఈ రోజుకీ మిగతావాటిని దీంతోనే పోల్చి చూస్తారు. కాకుంటే ఇంకో చోట కొయ్యాలి, ఆ నొప్పి కొన్నాళ్లుంటుంది, ఎక్కువ ఎముక దొరకదు. కూలి చేసుకు బతికేటోడికి తుంటి నొప్పి అంటే పని పోయినట్టే. అదీ లెక్కలో వేసుకోవాలి.

రెండోది, వేరే మనిషిది. చనిపోయినవాళ్లు దానం చేసిన ఎముక. శుద్ధి చేసి దాచిపెడతారు. శుద్ధిలో తేడా వస్తే ప్రమాదమే. 2021లో అమెరికాలో ఒకే దాత నుంచి చేసిన ఎముక పదార్థాన్ని వంద మందికి పైగా రోగులకు పెట్టారు. వాళ్లలో చాలామందికి క్షయ అంటుకుంది. అంత డబ్బున్న దేశంలోనే అట్లా జరిగింది.

మూడోది, పశువుది. ఆవు, ఎద్దు ఎముకలోంచి మాంసకృత్తు, కొవ్వు అంతా తీసేసి ఖనిజం మాత్రం మిగులుస్తారు. పళ్ల డాక్టర్ల దగ్గర ఇది ప్రపంచమంతా వాడుకలో ఉంది.

నాలుగోది, ఇందాక చెప్పిన కృత్రిమం. రోగం అంటుతుందన్న భయం లేదు. ఎంత కావాలంటే అంత చెయ్యొచ్చు. ఎవరి ఒళ్లూ కొయ్యక్కర్లేదు, ఏ గొడ్డునూ కొయ్యక్కర్లేదు. సైన్సు మనుషులకు చేసిన మేలు ఇది. మేం ఈ పొడికి వ్యతిరేకం కాదు. దాని తాళంచెవి ఎవడి మొలకు ఉందన్నదే మా తగాదా.

ఈ నాలుగింటిలో ఏది, ఎందుకు అని రోగికి చెప్పాలా వద్దా? చెప్పకుండా ఖరీదైనదే మంచిదని నమ్మించడం వ్యాపారం. ఎముకను మొలిపించే గుణం గల మాంసకృత్తులు ఎముకలోనే ఉన్నాయని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపించాడు. దాన్ని పట్టుకుని మెడ్‌ట్రానిక్ కంపెనీ వెన్నెముకలో వాడే మందు తెచ్చింది. 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందుకు అనుకూలంగా వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాల రాతకోతల్లో కంపెనీ చెయ్యి ఉందనీ, ఆ సంగతి పాఠకులకు చెప్పలేదనీ 2012లో అమెరికా సెనేటు కమిటీ బయటపెట్టింది. ఆ వ్యాసాలు రాసిన డాక్టర్లకు 1996 నుంచి 2010 దాకా కంపెనీ ముట్టజెప్పింది సుమారు 21 కోట్ల డాలర్లు. పెద్ద చదువుల డాక్టర్లనే కొనగలిగినోళ్లకు మన ఊరి ఆరెంపీని మెప్పించడం ఒక లెక్కా?

ముట్టు ఎముకకు కాదు, మనిషికి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎముక అపవిత్రం అంటారు గదా. ఎవరికి అపవిత్రం?

ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దం చివర 'బోన్ చైనా' అనే పింగాణీ పుట్టింది. దాంట్లో సుమారు సగం పశువుల ఎముకల బూడిద. ఆ కప్పులు మన దేశంలో దొరల బంగళాల్లో, జమీందార్ల గడీల్లో అద్దాల బీరువాల్లో కూర్చున్నాయి. హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టినోళ్లు, మన ఎంగిలి తగిలితే పోయే పవిత్రత ఉన్నోళ్లు, ఎముకల బూడిదతో చేసిన కప్పులో టీ జుర్రారు. ఏ పవిత్రతా పోలేదు.

మందు గొట్టాలు చూడండి. క్యాప్సూలు పైన మెత్తటి తొడుగు చాలావాటికి జెలటిన్. జెలటిన్ అంటే పశువుల ఎముకల్లోంచి, తోళ్లలోంచి తీసింది. పొద్దున్నే పూజ చేసుకుని మింగేస్తారు. పన్ను కదిలితే పశువు ఎముక ఖనిజాన్ని దవడలో కుట్టించుకుంటారు. అది వాళ్ల ఒంట్లో ఎముకగా కలిసిపోతుంది. మంచిదే, నోరు బాగుపడాలి, మేం కాదనం. కానీ అదే నోరు మన కూరగిన్నె గురించి మాట్లాడుతుంది చూడండి, దాన్ని అంటాం కపటం అని. 2002 అక్టోబరులో హర్యానాలో ఝజ్జర్ దగ్గర తోళ్ల పని మీద పోతున్న అయిదుగురు దళితుల్ని గుంపు కొట్టి చంపింది. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచిన దళిత యువకుల్ని బట్టలిప్పి, కట్టేసి, వీధిలో కొట్టారు. ముట్టుకుంటే చావు మనకు, మింగితే ఆరోగ్యం వాళ్లకు!

మనిషి ఎముకల సంగతీ ఇంతే. ఒకప్పుడు ప్రపంచంలోని మెడికల్ కాలేజీల్లో వేలాడిన అస్థిపంజరాల్లో పెద్ద వాటా కలకత్తా నుంచి పోయిందే. దిక్కులేని శవాల్ని శుభ్రం చేసి ఎముకలు తీసే పని డోం కులస్తులది. లాభం ఎగుమతిదారులది. 1985లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ ఎముకల మీద పాఠం నేర్చుకున్న డాక్టర్లలో ఎంతమంది ఆ డోం మనిషి గురించి ఒక్క మాట విన్నారు?

కాబట్టి ముట్టు ఎముకలో లేదు. ఎముకను మోసే మనిషి కులంలో ఉంది. కొలిమిలో ఎంత కాల్చినా పోనిది అదొక్కటే.

మనవాళ్లు కొందరు అనే మాట

'1927లోనే మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానెయ్యమన్నాడు. ఆ బతుకు వదిలేశాం. మళ్లీ ఈ ఎముకల ముచ్చటెందుకు?' అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. మంచి ప్రశ్న. జవాబు చెప్పాలి.

బాబాసాహెబ్ వదలమన్నది బలవంతపు చాకిరీని, ఆ చాకిరీతో వచ్చే నీచత్వాన్ని. ఆ పనిలో ఉన్న జ్ఞానాన్ని వదిలి ఇంకొకడి చేతిలో పెట్టమనలేదు. ఏ ఎముక గట్టిది, ఏది బోలు, మూలుగ ఎక్కడ, నరం ఎక్కడ అతుక్కుంటుంది, ఏ ఆకుతో తోలు పదునెక్కుతుంది, ఇవన్నీ మన తాతలకు చేతివేళ్లలో ఉన్నాయి. మనం గొడ్డును వదిలేశాం. మంచిది. ఆ తరువాత ఏమైంది? తోలు మద్రాసులో 1948లో పెట్టిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు పోయి సైన్సు అయింది. ఇప్పుడు తోలులోంచి తీసిన కొల్లాజెన్‌తో గాయాల మీద పెట్టే పట్టీలు చేస్తున్నారు. ఎముక సిరామిక్ సైన్సు అయింది. మన పిల్లలు మాత్రం ఇంటర్‌లో కెమిస్ట్రీ అంటే భయపడి సీటు వదిలేస్తున్నారు.

పని వదిలి, చదువూ దొరక్కపోతే రెంటికీ చెడతాం. పని చేసిన చేతులు ప్రయోగశాలలోకి పోవాలి. మాదిగ ఇంటి పిల్ల సిరామిక్ కొలిమి ముందు తెల్లకోటు వేసుకుని నిలబడ్డ రోజు, ఎముక అనే మాటకు ఈ దేశంలో అర్థం మారుతుంది. దాన్నే మేం విముక్తి అంటాం. ఎముకల మాట ఎత్తడానికి సిగ్గుపడడం విముక్తి కాదు.

ఎవరి ఎముకలు విరుగుతున్నాయి?

పరంజా మీంచి పడేది ఎవరు? ట్రాక్టరు తొట్టిలో నిలబడి కూలికి పోయి బోల్తా పడేది ఎవరు? బస్తా మోసి వెన్ను అరిగేది ఎవరు? ఇరుకు ఇంట్లో, చాలీచాలని తిండితో క్షయ తెచ్చుకుని, అది వెన్నుపూసను తినేదాకా ఆస్పత్రి మొహం చూడలేనిది ఎవరు? ఎముక పూరకం అవసరం ఎక్కువగా పడేది మన వాడలకే.

ఇంకో సంగతి వినండి. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే అది ఎముకలోని ఆ హైడ్రాక్సీఅపటైటులోకే దూరుతుంది. ఎముక లావెక్కుతుంది, బిరుసెక్కుతుంది, వంగదు. మనిషి నడుం విల్లులాగా వంగిపోతుంది. దీన్ని మన నేల మీద పొదిలి ప్రాంతంలో గుర్తించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. అప్పుడది మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లా. ఆ తరువాత నల్లగొండ పల్లెల్లో తరాలకు తరాలు వంకరపోయాయి. పక్కనే కృష్ణ పారింది. 1967లో నాగార్జునసాగర్ పూర్తయింది. కాలువలు పొలాలకు పోయాయి. ఫ్లోరైడు పల్లెలకు ఇంటింటికీ నల్లా నీళ్ల కోసం 2016లో మిషన్ భగీరథ మొదలయ్యేదాకా ఆగాల్సొచ్చింది. ఎముకలో చేరే విషం 1937లోనే తెలుసు, దానికి మందు మంచినీళ్లేనని తెలుసు. అయినా ఎనభై ఏళ్లు! విరిగిన ఎముకకు సీసా అమ్మితే లాభం. విరగకుండా నీళ్లిస్తే ఎవడికి లాభం?

ధర దేవుడు రాసింది కాదు

'అది ఖరీదైన సైన్సు, ధర అంతే' అంటారు. కొంత నిజమే. ఒంట్లో పెట్టే పొడిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి ఉండకూడదు. క్రిములుండకూడదు. పరీక్షలకు ఖర్చవుతుంది. సున్నం, డి.ఏ.పి. ఇంట్లో కలిపి ఎముకలో పెట్టుకోలేం, ఆ పిచ్చిపని ఎవరూ చెయ్యకండి. కానీ గుండెలో పెట్టే స్టెంటుకూ ఇదే కథ చెప్పారు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టింది. అదే ఏడాది ఆగస్టులో మామూలు రకం మోకాలి కీలుకు 54,720 రూపాయలు కట్టింది. పన్నులు అదనం. అంతకుముందు లక్షల్లో పలికినవి ఒక్క కాగితంతో దిగొచ్చాయి. కంపెనీలు మూతపడలేదు, ఆస్పత్రులు కూలిపోలేదు. అంటే అన్నేళ్లు మింగింది అంతా మధ్యలో వాళ్లే. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ మందుల చట్టం కిందికి తెచ్చారు. ఏడాదిలో ధర పది శాతం మించి పెంచకూడదన్నారు. కానీ మొదటి ధరే ఆకాశంలో ఉంటే పెంచకపోవడం ఒక ఉపకారమా?

చెయ్యడం మనకు చేతకాదా? తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ ఉంది. ప్రజల డబ్బుతో నడిచేది. గుండె కవాటం సొంతంగా చేసి 1990లో మనిషికి పెట్టి చూపించింది. ఎముక పూరకాలూ అక్కడ తయారు చేశారు. కలకత్తాలో కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థా ఈ పని చేసింది. విశాఖపట్నంలో, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కులు మన భూముల మీదే లేచాయి. మన పన్నుతో పుట్టిన విద్య మన ఎముక దగ్గరికి రాకుండా ఎవడి గోదాములో ఆగింది?

మనం చెయ్యాల్సింది

ఊళ్లో ఎవరికి ఎముక ఆపరేషను అన్నా సంఘం నుంచి చదువుకున్నోడు ఒకడు వెంట పోవాలి. అయిదు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఈ పూరకం తప్పనిసరా, లేకుంటే ఏమవుతుంది? రెండు, తుంటి ఎముక తీసి వాడొచ్చా? మూడు, పెట్టేది కృత్రిమమా, పశువుదా, మనిషిదా? ఏది ఒంట్లో పెడుతున్నారో తెలుసుకునే హక్కు రోగిది. నాలుగు, ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ఇది కలిసి ఉందా? ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. అయిదు, సీసా మీది ధర ఎంత, బిల్లులో ఎంత? పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచి నంబరు ఉన్న చీటీని కేసు కాగితాలకు అంటించమనండి. రేపు తేడా వస్తే అదే సాక్ష్యం. గౌరవంగా అడగండి, గట్టిగా అడగండి. మంచి డాక్టరు చెప్తాడు. చెప్పనోడి సంగతి అక్కడే తేలిపోతుంది.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇది. స్టెంటుకు, మోకాలి కీలుకు కట్టినట్టే ఎముక పూరకాలకూ గరిష్ఠ ధర కట్టాలి. ప్రభుత్వ రంగ సంస్థలు తయారు చేసిన పద్ధతులతో ప్రభుత్వమే తయారు చేయించి, మందులు కొనే కార్పొరేషన్ల ద్వారా ఉస్మానియా, గాంధీ, కింగ్ జార్జి, గుంటూరు జనరల్ ఆస్పత్రులకు, హైదరాబాదు, విజయవాడ, కడప దంత కళాశాలలకు ఉచితంగా అందించాలి. పెట్టె మీద ఏ పదార్థం, ఏ జీవి నుంచి వచ్చింది అన్నది తెలుగులో రాయాలి. గురుకులాల్లో చదివే మన పిల్లలకు మెటీరియల్ సైన్సు, సిరామిక్ ఇంజనీరింగు చదువులకు ప్రత్యేక వేతనాలివ్వాలి.

వచ్చే పక్షం మీ ఊరి సంఘం సమావేశంలో ఈ కాగితం చదివి వినిపించండి. చదవరాని అవ్వకు, తాతకు అర్థమయ్యేట్టు చెప్పండి. వాళ్లకు ఎముకల గురించి మనకంటే ఎక్కువే తెలుసు, వాళ్ల దగ్గర వినండి కూడా. మండలంలో ఎవరికి ఏ ఆస్పత్రిలో ఎంత రాసిచ్చారో బిల్లులు పోగెయ్యండి. ఆ బిల్లుల కట్ట పట్టుకుని కలెక్టరు ఆఫీసు ముందు నిలబడదాం.

గొడ్డు ఎముక మోసినందుకు మనల్ని ఊరి బయట పెట్టారు. ఇప్పుడు మన ఎముకకే వెల కట్టి మనల్ని ఆస్పత్రి బయట కూర్చోబెడుతున్నారు. రెండు గడపలూ దాటాల్సిందే!

జై భీమ్!